కొత్త ఇంట్లో తొలి క్రిస్మస్: ఏవి ఉంచుకోవాలి, ఎటు తిరగాలి

ప్రశ్న: ఇన్నాళ్లూ తునిలో పెద్ద ఇంట్లో ఇరవై మందిమి కలిసి క్రిస్మస్ చేసుకునేవాళ్లం. ఈ జూన్‌లో మధురవాడలో ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశాం. ఏడో అంతస్తు. ఈసారి పండుగ ఇక్కడే. అత్తగారు, మామగారు 21న వస్తున్నారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. వాళ్లు ఆర్‌.సి.ఎం. (రోమన్ కతోలికులు), మా పుట్టింటివాళ్లం బాప్టిస్టులం. తునిలో ఎవరి గుడికి వాళ్లం వెళ్లి మధ్యాహ్నం భోజనానికి కలుసుకునేవాళ్లం. పాపకి పదకొండేళ్లు, బాబుకి అయిదు. మా అంతస్తులో మిగతా మూడు ఇళ్లూ హిందువులవి. మావారికి 24 నుంచి 27 దాకా సెలవు దొరికింది. మా ఇంటి పద్ధతులన్నీ ఈ ఫ్లాట్‌లో ఎలా కుదురుతాయి? వీళ్లందరినీ ఎక్కడెక్కడ తిప్పాలి?
మధురవాడ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అన్నీ కుదరవమ్మా. ఇరవై మంది చేతులు పడ్డ పండుగని ఇద్దరే నెత్తిన వేసుకుంటే 25 మధ్యాహ్నానికి బిర్యానీ వడ్డించే ఓపిక కూడా మిగలదు. ఇంకో సంగతి. కొత్త ఇంట్లో మొదటి ఏడు ఏం చేస్తే పిల్లల లెక్కలో అదే ఆనవాయితీ. వచ్చే డిసెంబరులో మీ బాబు ‘కిందటేడు చేశాం కదా’ అని పట్టుబడతాడు. కాబట్టి ఏటా చేయగలిగినవే మొదలుపెట్టండి. మీ ఇంటికి మూడు చాలు: యేసు పుట్టిన పశువుల పాక బొమ్మల కొలువు, గులాబీ పువ్వులు అనే పిండివంట, ఇంట్లో ఒక ప్రార్థన కూడిక. మూడింట్లోనూ పిల్లలు చేయి పెట్టొచ్చు, అత్తగారు కూర్చుని నడిపించొచ్చు.

కూడిక మాట ముందు చెప్పాలి, ఎందుకంటే దానికి తేదీ దొరకడమే కష్టం. గృహ ప్రతిష్ఠ ఇంకా జరగకపోతే దాన్నీ దీన్నీ కలిపేయండి. డిసెంబరు రెండో వారం దాటాక పాస్టరుగార్లకి, ఫాదరుగార్లకి రాత్రుళ్లు ఖాళీ ఉండదు. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, యువజనుల కార్యక్రమాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. నవంబరు ఆఖరి ఆదివారంలోగా అడిగి, డిసెంబరు మొదటి పది రోజుల్లో ఒక సాయంత్రం ఖాయం చేసుకోండి. ఆ వేళకి అత్తగారు వాళ్లు ఉండరన్న వెలితి ఉంటుంది. వాళ్ల కోసం ఆగి 22నో 23నో పిలిస్తే మాత్రం వచ్చేవారు వాచీ చూసుకుంటూ పావుగంటలో ముగించి వెళ్తారు. అత్తగారికి ఫాదరుగారి చేత ఇల్లు ఆశీర్వదింపజేయాలని ఉంటే దాన్ని జనవరి మొదటి వారానికి పెట్టుకోండి. అప్పుడాయన తీరిగ్గా వస్తారు.

క్యారల్స్ బృందం మీ ఇంటికి రావాలన్నా సంఘంలో పేరు ముందే ఇవ్వాలి. వాళ్లు తొమ్మిదికి బయల్దేరితే మీ వంతు ఏ పదకొండుకో వస్తుంది. ముప్పై మంది, ఒక గిటారు, ఒక డ్రమ్ము, ఒక క్రిస్మస్ తాత. వీళ్లంతా లిఫ్టులో ఏడో అంతస్తుకి చేరేసరికి అరగంట పోతుంది, ఈలోపు పక్కింటి పసివాడు లేచి ఏడుస్తాడు. కింద పార్కింగులోనే పాడించండి. అసోసియేషన్ సెక్రటరీకి రెండు రోజుల ముందు తేదీ, వేళ చెప్పండి, గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా చెప్పి ఉంచండి. రాత్రి పది దాటాక మైకు, స్పీకర్లు వద్దు, గొంతులు చాలు. ముప్పై మంది టీకి రెండు లీటర్ల పాలు, లీటరు నీళ్లు, 70 గ్రాముల టీ పొడి, పావుకిలోకి కొంచెం పైగా పంచదార సరిపోతాయి. ఫ్లాస్కుల్లో పోసి కిందికి పంపండి. కానుక కవరు మీ పాప చేత ఇప్పించండి.

ఇక పశువుల పాక. తునిలో పెరట్లో గడ్డి, మట్టి, రాళ్లు దొరికేవి కదా, ఇక్కడ ఏమీ దొరకదని బెంగపడకండి. ఒక ట్రే, గుప్పెడు చోళ్లు (రాగులు) ఉంటే పచ్చిక మీ ఇంట్లోనే మొలుస్తుంది. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ఉన్న ట్రేకి 50 గ్రాముల చోళ్లు చాలు. డిసెంబరు 14 రాత్రి నానబెట్టండి. 15 పొద్దున నీళ్లు వంపేసి తడిబట్టలో మూటకట్టండి. 16కి తెల్లటి మొనలు కనిపిస్తాయి. ట్రేలో అంగుళం మందాన కోకోపీట్‌గానీ జల్లించిన మట్టిగానీ పరిచి, మొలకల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా చల్లి, పైన పలచగా మట్టి రాల్చి, తడిపిన న్యూస్‌పేపరు కప్పండి. మూడో రోజు కాగితం తీసేసి బాల్కనీలో పొద్దుటి ఎండ తగిలేచోట పెట్టండి. పూటకోసారి చేత్తో నీళ్లు చిలకరిస్తే చాలు. 24కి రెండంగుళాల పచ్చిక తయారు.

ఇందులో తప్పులు జరిగేది రెండు చోట్ల. పిల్లాడు ముద్దుగా గ్లాసుడు నీళ్లు పోసేస్తాడు, అడుగున నీరు నిలిచి గింజ కుళ్లి వాసన కొడుతుంది. బాబుకి గ్లాసు ఇవ్వకండి, స్ప్రే సీసా ఇవ్వండి. రెండోది, ఇంట్లో అందరూ చూడాలని మొదటి రోజు నుంచే హాల్లో ఉంచడం. వెలుగు చాలక మొలకలు పసుపుపచ్చగా, సన్నగా సాగి ఒక పక్కకి వాలిపోతాయి. 23 రాత్రి దాకా దాని చోటు బాల్కనీయే. తేదీ దాటిపోతే ఆవాలు చల్లండి, అయిదు రోజుల్లో వస్తాయి, కాకపోతే తొందరగా పడిపోతాయి.

పాకని నేల మీద కాకుండా టీపాయ్ మీదో బల్ల మీదో పెట్టండి. అత్తగారు వంగక్కర్లేకుండా బొమ్మలు సర్దగలగాలి. కతోలికుల ఇళ్లలో 24 అర్ధరాత్రి దాకా తొట్టి ఖాళీగానే ఉంచి అప్పుడు బాలయేసుని పెడతారు. ముగ్గురు రాజుల్ని హాల్లో దూరంగా ఏ పుస్తకాల అలమర మీదో నిలబెట్టి రోజుకి కొంచెం జరుపుతూ జనవరి 6కి పాక దగ్గరికి చేరుస్తారు. మీ వైపు ఈ పద్ధతి లేకపోయినా రాజుల్ని జరిపే పని బాబుకి అప్పగించండి. అయిదేళ్లవాడికి ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు.

చెట్టు గురించి ఒక్క మాట. తీరంలో పాత ఇళ్లలో సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. అందంగా ఉంటుంది, కానీ తడి ఇసుక బకెట్టులో పాతినా వారం తిరిగేసరికి ఎండిపోతుంది. ఎండిన సరుగుడు చటుక్కున అంటుకుంటుంది. దాని దగ్గర కొవ్వొత్తి పెట్టొద్దు. తెస్తే 22న తెండి, 26న తీసేయండి. ఏటా వాడాలంటే అయిదడుగుల ప్లాస్టిక్ చెట్టే నయం.

స్టారు, లైట్ల విషయంలో మీది తుని కాదు, సముద్రానికి దగ్గరలో ఏడో అంతస్తు. గాలి ఊరుకోదు. కాగితపు స్టారుని ఒకే తాడుతో వేలాడదీస్తే రాత్రంతా గోడకి కొట్టుకుని తెల్లారేసరికి కొనలు చిరుగుతాయి. పై కొనకి ఒక నైలాన్ తాడు, కింది కొనకి ఇంకొకటి కట్టి రెంటినీ గ్రిల్‌కి బిగించండి. బైండింగ్ వైరు వాడితే ఉప్పుగాలికి తుప్పుపట్టి టైల్స్ మీద మరకలు పడతాయి. లోపల బల్బు 5 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ మాత్రమే. పాత ఫిలమెంటు బల్బు ఒకటి ఇంట్లో ఉంది కదా అని పెడితే ఆ వేడికి కాగితం మాడుతుంది. మంచుకి కాగితం మెత్తబడుతుంది కాబట్టి బాల్కనీ పైకప్పు కిందే కట్టండి, బయటికి వేలాడేలా కావాలంటే ప్లాస్టిక్‌ది కొనండి.

సీరియల్ సెట్లు బాల్కనీకైతే వాటర్‌ప్రూఫ్‌వి తీసుకోండి. ఎల్‌ఈడీవి కరెంటు పెద్దగా లాగవు, నాలుగైదు సెట్లు ఒక ప్లగ్గు మీద నడుస్తాయి. ఇబ్బంది పెట్టేది లోడు కాదు, జాయింట్లు. సెట్టుకీ సెట్టుకీ మధ్య ముడి నేల మీద పడి ఉంటే మంచు తడికో బాల్కనీ కడిగిన నీళ్లకో కరెంటు లీకై ఇంట్లో ట్రిప్పర్ పడిపోతుంది. మీరేమో ఫ్రిజ్ పాడైందని మెకానిక్‌ని పిలుస్తారు. జాయింటుకి టేపు చుట్టి, మూతి కిందికి ఉండేలా గ్రిల్ మధ్య ఎత్తులో కట్టండి. వైరుని స్లైడింగ్ తలుపు పట్టాలోంచి లాగొద్దు. తలుపు జరిపినప్పుడల్లా నలిగి లోపలి రాగి తేలుతుంది.

ఇప్పుడు గులాబీ పువ్వులు. కేకు ఈ ఏడు బేకరీలో కొనండి, 20వ తేదీలోగా చెప్పిపెట్టండి. కొత్త వంటగదిలో, అలవాటు లేని ఒవెన్‌లో పండుగ ముందురోజు ప్రయోగాలు వద్దు. గులాబీ పువ్వులు మాత్రం అంగట్లో కొన్నవి ఇంట్లో చేసినవాటికి సాటిరావు. అంత దూరం మోసుకురావాల్సి వచ్చినా సరే, అత్తగారిని వాళ్ల పాత అచ్చు తెమ్మనండి. కొత్త అచ్చు మొదటి ఏడు ఏడిపిస్తుంది.

మైదా పావుకిలో, బియ్యప్పిండి 125 గ్రాములు, పంచదార పొడి 125 గ్రాములు, చిటికెడు ఉప్పు, చెంచాడు నువ్వులు, చిక్కటి కొబ్బరిపాలు 400 మిల్లీలీటర్లు. పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలిపి అరగంట ఉంచండి. దోసెల పిండి కంటే కాస్త పలచగా, గరిటె వెనక తెరలా పట్టేలా ఉండాలి. గట్టిపడితే ఇంకొన్ని పాలు పోయొచ్చు. యాభైకి తక్కువ కాకుండా వస్తాయి. బియ్యప్పిండి తగ్గిస్తే మర్నాటికి మెత్తబడతాయి. పంచదార పెంచితే లోపల వేగకముందే పైన నల్లబడి అచ్చుకి పట్టుకుంటాయి.

అసలు కిటుకంతా అచ్చు వేడిలో ఉంది. కొత్తదైతే ముందు రాత్రంతా నూనెలో నానబెట్టండి. మధ్యస్థంగా కాగిన నూనెలో అచ్చుని రెండు నిమిషాలు ఉంచి, పైకి తీసి, నూనె చుక్కలు దులిపి, పిండిలో ముప్పాతిక వంతే ముంచండి. అంచు దాటి ముంచితే పిండి పైన టోపీలా మూసుకుంటుంది, ఇక ఊడి రాదు. ముంచగానే చుయ్‌మని చిన్న చప్పుడు రావాలి. చప్పుడు రాకపోతే అచ్చు చల్లగా ఉన్నట్టు, పిండి జారిపోతుంది. పిండి అంటకుండా బుడగలుకట్టి ఊడిపోతుంటే మరీ కాలిపోయినట్టు, పది సెకన్లు ఆగండి. నూనెలో దింపి పదిహేను, ఇరవై సెకన్లు పట్టుకుని మెల్లగా ఊపితే పువ్వు విడిపోతుంది. మొదటి మూడు నాలుగు చెడతాయి, వాటి కోసం పిల్లలు కాచుకునే ఉంటారు. ప్రతిసారీ ముంచేముందు అచ్చుని మళ్లీ నూనెలో వేడి చేయాలి, గిన్నెలో పిండిని అడుగునుంచి కలపాలి. పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పెట్టండి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే ఆవిరికి, పైనుంచి సముద్రపు తేమకి, రెండో రోజే మెత్తబడతాయి.

పక్కిళ్లకి పంపే పళ్లెంలో ఇవే ముందు ఉండాలి. పై కొలతలో గుడ్డు లేదు, ఆ ముక్క నోటితో చెప్పి ఇవ్వండి. కేకు ముక్క పెడితే గుడ్డు ఉందో లేదో అదీ చెప్పండి. విశాఖలో మార్గశిర మాసం పట్టింపు చాలా ఇళ్లలో గట్టిగా ఉంటుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు లక్ష్మివారం నాడు గుడ్డు కూడా ముట్టరు. మార్గశిరం ఒక్కో ఏడు డిసెంబరు ఆఖరి దాకా సాగుతుంది, కేలండరు చూసుకోండి. వాళ్ల గుమ్మాల ముందు అప్పటికే ధనుర్మాసం ముగ్గులు ఉంటాయి. మీ పాపకి ముగ్గు వేయడం వస్తే మీ గుమ్మం ముందు నక్షత్రం ముగ్గు వేయనివ్వండి, అడ్డుచెప్పకండి.

రెండు గుళ్ల సమస్య మీరనుకున్నంత పెద్దది కాదు. 24 రాత్రి అత్తగారు, మామగారు, మీవారు, పాప అర్ధరాత్రి పూజకి వెళ్తారు. బాబుతో మీరు ఇంట్లో ఉండండి. 25 పొద్దున ఆరాధనకి మీరు, బాబు, ఓపికుంటే మీవారు. అందర్నీ రెండింటికీ లాక్కెళ్తే రెండోదాంట్లో అందరూ కునుకుతారు. జ్ఞానాపురం సెయింట్ పీటర్స్ కెథడ్రల్‌లో పండుగ పూజ చూడాలని అత్తగారికి ఉండొచ్చు. మీ ఇంటి నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది, ఆ రాత్రి జనంలో కుర్చీ దొరకడం కష్టం, మోకాళ్ల నొప్పులతో నిలబడలేరు. దగ్గరి విచారణ (పారిష్) గుడిలో పూజ ఎన్నింటికో ముందు ఆదివారమే కనుక్కోండి. అన్నిచోట్లా సరిగ్గా పన్నెండుకే ఉండదు, కొన్నిచోట్ల పదిన్నరకే మొదలవుతుంది. గంట ముందు వెళ్తేనే అత్తగారికి ఫ్యాను కింద కుర్చీ.

మధ్యాహ్నం భోజనానికి మటన్ 25 పొద్దున కొనాలనుకుంటే క్యూలోనే ఆరాధన వేళ దాటిపోతుంది. 24న తెచ్చి, రాత్రే పెరుగు, మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి.

తిరగడం దగ్గరికి వద్దాం. పండుగ సాయంత్రం ఆర్‌.కె. బీచ్‌కి మాత్రం వెళ్లకండి. ఊరంతా అక్కడే ఉంటుంది, బండి ఎక్కడో కిలోమీటరు అవతల ఆపాలి, అత్తగారు నడవలేరు, బాబు చేయి వదిలితే దొరకడు. పైగా ఆ రోజుల్లో అయిదున్నరలోపే పొద్దు పోతుంది, భోజనం చేసి కునుకు తీసి బయల్దేరేసరికి చీకటే. మనది తూర్పు తీరం, చూడాల్సింది సూర్యోదయం. 26 పొద్దున ఆరుకల్లా రుషికొండ చేరండి, మీ ఇంటికి దగ్గరే. ఆరున్నరలోపు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, జనం ఉండరు. పిల్లలు చీలమండ దాటి నీళ్లలోకి దిగకూడదు. ఈ తీరంలో అల వెనక్కి లాగే పట్టు పెద్దవాళ్లకే ఆగదు.

అక్కణ్ణుంచి బీచ్‌రోడ్డు మీదే భీమిలి వెళ్లిపోండి. దారిలో ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు. మీ పాపకి డచ్చివాళ్లు ఇక్కడికెందుకొచ్చారో చెప్పడానికి మామగారు ఉన్నారు కదా. పన్నెండుకల్లా ఇంటికి వచ్చేయొచ్చు, అత్తగారు కారు దిగకుండానే సగం చూసేస్తారు.

పాతనగరానికి 22నో 23నో వెళ్లండి, మీవారికి సెలవు లేకపోయినా కారు మాట్లాడుకుని వెళ్లొచ్చు. మార్గశిరం నడుస్తుంటే లక్ష్మివారం మాత్రం తప్పించండి, బురుజుపేట చుట్టుపక్కల సందులన్నీ భక్తులతో నిండిపోతాయి. అత్తగారికి అన్నిటికంటే నచ్చేది రాస్ హిల్ మీద మేరీమాత గుడి. 1864లో రాస్ అనే ఆయన ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇల్లే తర్వాత గుడి అయింది. పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి, ఒకదాని మీద ఈ గుడి. కింద హార్బరులోకి ఓడలు వచ్చే కాలువ కనిపిస్తుంది, బాబుకి అది చాలు. డిసెంబరు 8న అక్కడ పెద్ద ఉత్సవం, ఆ రోజు తప్ప మిగతా రోజులు ప్రశాంతంగా ఉంటుంది. మీ బాప్టిస్టుల్లాంటి ప్రొటెస్టెంట్ల వైపుకి కూడా పాతనగరంలో ఒక చరిత్ర ఉంది: 1805లో లండన్ మిషన్‌వాళ్లు దిగింది ఈ ఊళ్లోనే, సువార్తల తెలుగు అనువాదం పని మొదలుపెట్టిందీ ఇక్కడే. వచ్చేటప్పుడు పూర్ణా మార్కెట్‌లో జీడిపప్పు, కిస్‌మిస్, కొబ్బరికాయలు కొనుక్కోండి.

27న జూ. ఎండాడ దగ్గరే కాబట్టి మీకు దగ్గర. సోమవారం సెలవు, బీచ్‌రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం కూడా అంతే. ఈ ఏడు 27 సోమవారం పడితే కైలాసగిరి పెట్టుకోండి. సబ్‌మెరైన్ లోపల ఇరుకు, తలుపులు గుండ్రంగా కాళ్లెత్తి దాటేలా ఉంటాయి. అత్తగారిని పక్కనే ఉన్న టి.యు.-142 విమానం దగ్గర మామగారితో కూర్చోబెట్టండి.

అరకు ఈ వారం వద్దు. రైల్లో అద్దాల బోగీ టికెట్లు అరవై రోజుల ముందే తెరుస్తారు, క్రిస్మస్ వారానివి అప్పుడే అయిపోతాయి. రోడ్డున వెళ్తే ఘాట్‌లో కార్ల వరస. బొర్రా గుహల మెట్లు అత్తగారి వల్ల కాదు. సంక్రాంతి అయ్యాక మామూలు వారం రోజుల్లో మీ నలుగురూ వెళ్లిరండి, చలి అప్పటికీ ఉంటుంది.

జనవరి 6 తర్వాత అన్నీ విప్పేటప్పుడు సీరియల్ సెట్లని ఉండలా చుట్టకండి, అట్టముక్క మీద చుట్టండి. ప్లగ్గు పిన్నుల్ని పొడిబట్టతో తుడవండి. బొమ్మల్ని పాత నూలుగుడ్డల్లో చుట్టి, అచ్చుకి నూనె రాసి కాగితంలో పెట్టి, డబ్బా మీద లోపల ఏమున్నాయో రాయండి. ఆ డబ్బా బాల్కనీ అలమరలో పెడితే వచ్చే ఏటికి తీగలన్నీ చిలుము పట్టి ఉంటాయి, పడగ్గది అటక మీదికి ఎక్కించండి.